అంచు మీది చుక్కలు

తొంభై నాలుగు చుక్కల సంగతి, పాత రాగి నాణేలు సేకరించేవాళ్ళు కలిసే ఆ హాల్లో అందరికీ తెలుసు. 1794లో ఫిలడెల్ఫియా టంకశాలలో పనిచేసేవాడెవడో ఒక సెంటు నాణెం అచ్చు మీద, వెనకవైపు అంచు చుట్టూ ఉండే గాట్ల సందుల్లో తొంభై నాలుగు బుల్లి చుక్కలు పొడిచాడు. అయిదేసి కోణాల చుక్కలు. పొద్దుపోక పొడిచాడో, పక్కవాడితో పందెం వేసి పొడిచాడో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ అచ్చు కింద పడి లేచిన రాగి సెంట్లలో ఈ కాలానికి మిగిలినవి బహు కొద్ది. వాటిలోనూ చాలావాటి మీద చుక్కలు అరిగిపోయి, ఏదో ఒక మూల నాలుగో అయిదో కనిపిస్తాయి. ఆ నాలుగే చాలు. అలాంటిదాన్ని ఎవరి కన్ను పట్టుకుందో ఆ మనిషి పేరు నాణేన్ని అంటుకుని ఉండిపోతుంది. మనిషి పోయాక, నాణెం చేతులు మారాక కూడా, పట్టుకున్నది ఫలానా ఆయన అనే చెప్పుకుంటారు.

ఆల్డెన్ థేయర్ పేరు ఏ నాణేన్నీ అంటుకుని లేదు.

అతనికి యాభై దాటాయి. బీమా కంపెనీ తరఫున కాలిన ఇళ్ళకీ కూలిన కొట్టాలకీ నష్టం అంచనా వేయడం అతని ఉద్యోగం. నెలకో శనివారం నార్విచ్‌లో చర్చి కింది హాల్లో కలిసే రాగి సెంట్ల బృందంలో అతను పాతవాడే. వచ్చినప్పుడల్లా తన పెట్టె తెచ్చుకుంటాడు, మడత బల్ల మీద నల్ల వెల్వెట్ గుడ్డ పరుచుకుంటాడు, కాగితం కప్పులో కాఫీ పోసుకుంటాడు, అందరి నాణేలూ చూస్తాడు. అందరూ అతన్ని మంచివాడంటారు. ఈ మధ్య ఆ మాట వినగానే అతనికి లోపల ఎక్కడో దురద పెట్టినట్టు ఉంటోంది.

ఆ నవంబరు శనివారం డ్వైట్ లామ్సన్ నిలబడి తన విజయగాథ చెబుతున్నాడు. డ్వైట్ ఫర్నిచర్ అమ్ముతాడు. గొంతు కూడా ఆ వ్యాపారానికి తగ్గదే.

“ప్రావిడెన్స్‌లో కొట్టువాడి ట్రేలో దుమ్ము కొట్టుకుని పడుంది. వాడికి అదేంటో తెలీదు. నేను ఆవలిస్తూ ఇంకోదాని ధర అడిగి, పనిలోపనిగా ఇదీ పడెయ్యి అన్నాను. కారెక్కి తలుపేసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.”

“ఆవలించడానికి నువ్వు ప్రత్యేకంగా నటించాలా?” అన్నాడు హోలిస్ పెకమ్ తలెత్తకుండా.

“కుళ్ళుకోండి. అయ్యా ఆల్డెన్, నువ్వొచ్చి చూడు. బీమా కళ్ళతో కాదు, మామూలు కళ్ళతో.”

ఆల్డెన్ వెళ్ళి చూశాడు, బాగుందన్నాడు, వచ్చి హోలిస్ ఎదురుగా కూర్చున్నాడు.

కొట్టువాడి ట్రేలోంచి నోరు మెదపకుండా ఏరుకురావడం వాళ్ళలో గొప్ప. ఎంత మెదపకపోతే అంత గొప్ప. కానీ సాటివాడి పెట్టె దగ్గర లెక్క వేరు. అక్కడ ముందుగా ఎవరి కంట పడితే వాళ్ళు చెప్పాలి. నీది నీకు తెలియకుండా నీ దగ్గరుంటే, నా కన్ను నీది. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే దాన్ని తప్పినవాణ్ణి క్షమించడానికీ ఎక్కడా దారి లేదు.

హోలిస్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో మందుల దుకాణం నడిపి, అమ్మేసి, ఇప్పుడు దాని మీద అంతస్తులోనే ఒక్కడూ ఉంటున్నాడు. ఆల్డెన్ ఈ బృందంలో చేరిన కొత్తలో అతనికి చూడటం నేర్పింది హోలిసే. మొదటి పాఠం చూడటం గురించి కూడా కాదు. “మాట్లాడాలంటే మొహం పక్కకి తిప్పు” అన్నాడు. “నీ నోటి తుంపర రాగి మీద పడితే, నువ్వు పోయినా ఆ మచ్చ పోదు.” అప్పటినుంచి నాణెం ముందుంటే ఆల్డెన్ నోరు దానంతటదే మూసుకుంటుంది. మాట వస్తే మెడ దానంతటదే తిరుగుతుంది.

హోలిస్ పెట్టెను అతను ఎన్నోసార్లు చూశాడు. ఆ రోజు అడుగువరస కవర్లు కూడా తీశాడు. ఒకదాంట్లోంచి బొగ్గులా నల్లటి సెంటు ఒకటి జారింది. స్వేచ్ఛాదేవి తల నీడలా మిగిలింది. సంవత్సరంలో 94 మాత్రం తెలుస్తోంది. వెనకవైపు ఆకుల దండ చిలుములో కలిసిపోయింది. ఇలాంటివి ప్రతి పెట్టె అడుగునా ఉంటాయి. పారేయలేక ఉంచుకునేవి.

భూతద్దం కింద అంచును ఒకసారి తిప్పాడు. అలవాటుగా తిప్పాడు.

ఎడమవైపు దిగువన, రెండు గాట్ల మధ్య ఒక మొన.

దాని పక్క సందులో ఇంకోటి. ఒక సందు వదిలి ఇంకోటి. ఆ తరవాత, చిలుము పొర అంచున, నాలుగోది.

అతను నాణేన్ని గుడ్డ మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. హాల్లో డ్వైట్ ఏదో అంటున్నాడు, ఎవరో నవ్వుతున్నారు. హోలిస్ తన ముందున్నదేదో చూసుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పాలి. హోలిస్, ఇది ఒకసారి చూడండి. ఆ నాలుగు మాటలు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. అతని మెడ కూడా అలవాటు ప్రకారం పక్కకి తిరిగింది.

“హోలిస్, ఈ నల్లదాన్ని నాకిస్తారా? బదులు నా 1803ది తీసుకోండి.”

తన గొంతు మామూలుగానే ఉండటం చూసి అతనే ఆశ్చర్యపోయాడు.

హోలిస్ తలెత్తాడు. “ఏది, ఆ నున్నటి గోధుమరంగుదా?”

“అదే.”

“మీ ఆవిడ సవతి అంటుందే, దాన్నా?”

“ఆవిడైనా కాస్త తెరిపిన పడుతుంది.”

“ఈ బొగ్గుముక్కకి?”

“బాగా అరిగినవాటి మీద ఈ మధ్య సరదా పుట్టింది. ఎన్ని చేతులు తాకితే ఇలా అవుతుందో కదా అని.”

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలియదు. అబద్ధం కూడా కాదేమో. హోలిస్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవటం మొదలుపెట్టాడు. ముందు ఒక అద్దం, తరవాత రెండోది, మళ్ళీ మొదటిది. ఆల్డెన్ తన పెట్టెలోంచి 1803 సెంటును తీసి గుడ్డ మీద పెట్టాడు. వేరుశనగ పొట్టు లోపలివైపు ఎంత నునుపుగా, ఎంత వెచ్చటి రంగుతో ఉంటుందో అలా ఉంటుంది అది. అతని పెట్టెలో అంతకన్నా అందమైనది లేదు. ఎందుకు దాన్నే ఇస్తున్నాను అని అతను ఆ క్షణంలో తనని తాను ప్రశ్నించుకోలేదు. చేయబోయే తప్పుకి ముందుగానే చెల్లిస్తే తప్పు తప్పు కాకుండా పోతుందని లోపల ఎవరో చకచకా లెక్క వేసి ఉంటారు.

“సరే” అన్నాడు హోలిస్.

చేతులు కలిపారు. చెయ్యి కలిపాక మాట వెనక్కి తీసుకోకపోవడం కూడా వాళ్ళ పద్ధతే.

ఇంటికి వెళ్ళేదాకా నాణెం చొక్కా జేబులో ఉంది. ఎర్ర దీపం దగ్గర కారు ఆగినప్పుడల్లా అతను జేబు తడుముకున్నాడు.

దొరికిన సంతోషంలో సగం చెప్పుకోవడంలో ఉంటుందని అతనికి ఆ తరవాత తెలిసింది. డ్వైట్‌కి చెబితే హోలిస్‌కి తెలుస్తుంది. బోస్టన్‌లో నాణేలు పరీక్షించే పెద్దలకి చూపిస్తే రాగి లోకమంతటికీ తెలుస్తుంది, హోలిస్‌కి ముందు తెలుస్తుంది. హోలిస్ బతికున్నన్నాళ్ళూ ఈ నాణెం నోరులేనిది. హోలిస్ బతికున్నన్నాళ్ళూ అన్న మాట మనసులో తట్టగానే ఆల్డెన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరైనా విన్నారేమో అన్నట్టు చుట్టూ చూశాడు.

వెలుతురు బాగా ఉండేది వంటింటి కిటికీ దగ్గరే. అతను పని నుంచి రాగానే అక్కడికి చేరేవాడు. భార్య లెనోరా పక్కన యాపిల్ పై వంటకం కోసం పిండి వత్తుకుంటూ ఉండేది.

“జరుగు, పిండి ఎగిరితే మళ్ళీ నన్నంటావు” అంది ఒకరోజు. “అయినా దాంట్లో ఏం చూస్తున్నావు? మొహం కూడా లేదు దానికి. పాతది కాస్త కంటికి నదురుగానైనా ఉండేది.”

“ఇదీ ఆ కాలందే.”

“మా పెద్దత్తయ్యా ఆ కాలందే. ఆవిణ్ణి నువ్వెప్పుడూ ఇలా చూడలేదే.”

అతను నవ్వాడు. నవ్వుతూనే అంచును వెలుతురుకి వాల్చాడు. మూడు కనిపించాయి. నాలుగోది లేదు. కాస్త తిప్పితే నాలుగోది వచ్చింది, రెండోది పోయింది. మబ్బు కమ్మితే ఒక్కటీ లేదు. ఎండ రాగానే, ఇంతసేపూ ఎవరో మూసి ఉంచి తెరిచినట్టు, మూడూ ఒక్కసారే వచ్చాయి. అతను ఊపిరి వదిలాడు. మర్నాడు అదే ఎండలో, అదే కిటికీ దగ్గర, గాట్ల మధ్య చిలుము తప్ప ఏమీ కనిపించలేదు.

ఉద్యోగంలో అతను ఇలాంటి మనుషుల్ని చూశాడు. కాలిన ఇంట్లో పియానో ఉండేదని చెప్పి చెప్పి, చివరికి దాని మీద తమ తల్లి వాయించిన పాట కూడా గుర్తు తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళు అబద్ధం చెప్పేవాళ్ళు కాదు. ముందు పియానో కావాలనుకున్నారు, తరవాత అది ఉండేది. చర్చి హాల్లో గొట్టపు దీపాల కింద తన కన్ను ముందు చూసిందా, ముందు కోరుకుందా? అతను ఆ రోజును ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా, చూడటానికీ కోరుకోవడానికీ మధ్య సందు దొరకలేదు. ఒక్కటి మాత్రం సందేహం లేకుండా ఉంది. చుక్కలున్నా లేకపోయినా, నోరు మూసుకున్నది నిజం.

తేల్చుకునే మార్గం ఒకటుంది. రాగివాళ్ళందరూ చేసేదే. చిలుమును గీకడానికి ఇనుము వాడరు, గులాబీ ముల్లు వాడతారు. చిలుముకంటే గట్టిది, రాగికంటే మెత్తనిది. చిలుము పోతే కింద ఉన్నది బయటపడుతుంది. ఉంటే.

ఒక సాయంత్రం లెనోరా లేని సమయంలో ఆల్డెన్ పెరట్లో ఎండిన గులాబీ కొమ్మ నుంచి ముల్లు విరిచి తెచ్చాడు. నాలుగో చుక్కను ఎంచుకున్నాడు. అన్నిటికంటే దాని మీదే అతనికి అనుమానం, అన్నిటికంటే దాని మీదే ఇష్టం. నూనె చుక్క వేశాడు, ఆగాడు, ముల్లు మొన ఆనించాడు. నొక్కాననుకోలేదు. ఏదో చిన్నగా కదిలింది. చూస్తే ముల్లు కొసన ఆకుపచ్చ నలుపు పొడి. అంచు మీద నాలుగోది లేదు. కింద చదునుగా ఉంది.

ఊడినది మట్టేనా? లేక నూట తొంభై ఏళ్ళ కిందట ఎవడో పొడిచిన చుక్క, చిలుము తినేసి డొల్లగా మిగిలినది, తన ముల్లు తగిలి రాలిందా? తేల్చుకుందామని ముట్టుకున్నాడు, తేల్చే ఆధారం పొడైపోయింది. మిగిలిన మూడింటి వైపు ముల్లు జరిగింది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి చెయ్యి మళ్ళీ జరిగింది. ముల్లును పొయ్యిలో పారేస్తే గాని ఆగలేదు.

ఆ వారంలోనే పక్క ఊరు లెబనాన్ దగ్గర ఒక రైతు కొట్టం కాలిపోతే వెళ్ళాడు. రైతు పేరు గేలార్డ్. కారు దిగీ దిగకముందే ఎదురొచ్చాడు.

“ముందు లోపలికి రండి సార్. చలిలో ఏం చూస్తారు. మా ఆవిడ యాపిల్ సైడర్ వేడి చేసింది.”

“ముందు కొట్టం చూస్తాను.”

“కొట్టం ఎక్కడికి పోతుంది, పోవాల్సిందంతా పోయాక. ఈ యాపిల్ బుట్ట మీ కార్లో పెట్టిస్తున్నా. కాదనకండి. ఈ ఏడు కాపు అలా ఉంది.”

సైడర్ ఇచ్చారు, తినడానికి యాపిల్ పై పెట్టారు, వెళ్ళేటప్పుడు ఇంకో బుట్ట అన్నారు. ఆల్డెన్ కొట్టం చూడకముందే అనుకున్నాడు, ఇది దానంతటదే అంటుకోలేదని. ఇన్నేళ్ళ అనుభవం. నిజంగా నష్టపోయినవాడు చిరాగ్గా ఉంటాడు, కుర్చీ కూడా చూపించడు. దాచేవాడే పెడతాడు. అడగనిది ఇచ్చేవాడి చేతుల్ని చూడాలని అతను కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెబుతుంటాడు కూడా.

యాపిల్ బుట్టను కార్లోంచి తీసి గేలార్డ్ వరండాలో పెడుతూ అతను సగంలో ఆగిపోయాడు.

బొగ్గుముక్కకి 1803 సెంటు.

రాగివాళ్ళలో ఎవరూ ఎక్కువదాన్ని ఇచ్చి తక్కువదాన్ని తీసుకోరు. కన్ను ఏదో పట్టుకుంటే తప్ప తీసుకోరు. హాల్లో కాఫీ కప్పులు సర్దేవాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు. హోలిస్‌కి తెలియదా? కళ్ళజోడు తుడుస్తూ, ముందు ఒక అద్దం, తరవాత రెండోది, మళ్ళీ మొదటిది.

“ఏమైంది సార్?” అన్నాడు గేలార్డ్.

“ఏం లేదు. బుట్ట బరువుగా ఉంది.”

ఇంటికొచ్చి లెనోరాని అడిగాడు. “ఏ కారణం లేకుండా నేను నీకో పెద్ద కానుక తెచ్చాననుకో. ఏమనుకుంటావు?”

“ఏం చేసొచ్చావో అనుకుంటాను.” ఆవిడ అతని వైపు ఒక్క క్షణం పట్టి చూసింది. “తెచ్చావా?”

“నీకు కాదు.”

“అయితే అక్కడికే వెళ్ళు. నా ముందు ఇలా పచార్లు చేస్తే నేల అరగడం తప్ప లాభం లేదు.”

హోలిస్ ఇంటికి వెళ్ళేసరికి వాన పడుతోంది. మెట్ల మీద మందుల వాసన ఇంకా ఉంది. హోలిస్ నీలిరంగు స్వెట్టరు వేసుకుని, పొయ్యి మీద ఆల్చిప్పల సూపు కలుపుతున్నాడు. ఆల్డెన్ చేతిలో పెట్టె చూసి, బల్ల మీద ఉప్పుసీసా పక్కకి జరిపాడు. ఒకరింటికి ఒకరు పెట్టె లేకుండా వెళ్ళే అలవాటు వాళ్ళకి లేదు. ఆల్డెన్ కూడా అలవాటుగానే తెచ్చాడు.

“తడిసిపోయావు. సూపు తాగుతావా?”

“వద్దు.” తినడానికి ఏదైనా పెడతానంటే ఈ మధ్య అతనికి భయంగా ఉంటోంది. “మీ పెట్టెలో చుక్కలు చూశాను. ఆ నల్లదాని మీద. చూసి చెప్పలేదు.”

హోలిస్ కలుపుతూనే ఉన్నాడు. “తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“నువ్వు 1803ది అన్నప్పుడు. నల్లదానికి ఇంకో నల్లది ఇస్తానంటే నేను తల కూడా ఎత్తేవాణ్ణి కాదోయ్. దొంగతనం చెయ్యడం కూడా రాదు నీకు.”

“మరి మీరెందుకు ఊరుకున్నారు?”

హోలిస్ గరిటె పక్కన పెట్టాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముసలితనం వల్ల కాదు, మరి దేనివల్లో మెల్లగా కూర్చున్నాడు.

“ఎందుకంటే నాకు నీ 1803ది కావాలి. నువ్వు చుక్కలు చూశావని తెలుసు. అక్కడ చుక్కలు లేవనీ తెలుసు. తెలుసంటే, సగం తెలుసు. వీణ్ణి ఆపి, ఒరే అవి నేనూ చూశాను, నమ్మకు అని చెప్పాలి. కళ్ళజోడు తుడుచుకున్నంతసేపూ చెబుదామనే అనుకున్నా.”

“మీరూ చూశారా?”

“మిస్టిక్‌లో ఆరిన్ వీక్స్ అని ఉండేవాడు, పడవలకి రంగులేసేవాడు. నువ్వు రాకముందే పోయాడు. వాడి పెట్టెలో చూశాను దాన్ని. చెప్పలేదు. బదులుగా మంచిదే ఇచ్చాను, నీ అంత వెర్రిగా కాదనుకో.”

“ఎన్ని చూశారు?”

“ఏడు.”

“ఏడా?” ఆల్డెన్‌కి తెలియకుండానే గొంతులో అసూయ పలికింది. “నాకు నాలుగే కనిపించాయి.”

“రెండు నేను ముల్లుతో తీశాను. చూద్దామని.”

“నేనొకటి తీశాను.”

హోలిస్ భుజాలు కదిలాయి. ముందు దగ్గనుకున్నాడు ఆల్డెన్, తరవాత నవ్వని తెలిసింది. అతనికీ నవ్వు వచ్చింది. వానచప్పుడులో ఇద్దరూ కాసేపు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వారు.

“ఆరిన్ ఎన్ని తీశాడో” అన్నాడు హోలిస్. “అందరం తీసి తీసి చూసుకున్నాం. నిజంగా ఉన్నా ఇప్పటికి ఏం మిగుల్తాయి చెప్పు. ఆరిన్ గురించి మాత్రం ఒకటి అనుకుంటూ ఉంటా. ఆ రోజు నేను అడిగితే వాడు చాలాసేపు కిటికీలోంచి పడవలు చూస్తూ కూచున్నాడు. వాడికీ తెలుసేమో. పోయినవాణ్ణి అడగలేం కదా.”

ఆల్డెన్ చొక్కా జేబులోంచి నల్ల నాణెం కవరు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది మీరు తీసుకోండి. నాది నాకు...”

హోలిస్ లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, 1803 సెంటుతో వచ్చాడు. బల్ల మీద గుడ్డ పరిచి దాన్ని పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పాడు.

“అడిగితే ఇస్తాను. అడక్కు. పొద్దున లేస్తే కాఫీకంటే ముందు దీన్నే చూస్తున్నా. ఇంత వయసొచ్చి సిగ్గులేదు.”

ఆల్డెన్ అడగలేదు. ఎందుకో అడగలేకపోయాడు. తనకి ఆ గోధుమరంగు మీద మోజు తగ్గలేదు. అయితే ముసలాయన నోటితో ఆ మాట అన్నాక, అడగటం అంటే ఇంకో ముల్లు ఆనించడమే అనిపించింది. కవరును హోలిస్ వేలితో అతనివైపు తోశాడు. “నీదే ఇది. చెయ్యి కలిపాం.”

అంతా చెప్పేశాడు కాబట్టి తేలిక పడాలి. ఆల్డెన్ దాని కోసం ఎదురుచూశాడు. లోపల ఏదీ కుదురుగా కూర్చోలేదు.

“పెట్టె తెచ్చావు కదా. ఇలా తే” అన్నాడు హోలిస్. “నాది నువ్వు చూశావు, నీది నేను చూస్తా. ఏదైనా కంటపడితే చెబుతాను. పాత లెక్క.”

“పాత లెక్కే” అన్నాడు ఆల్డెన్.

పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు. హోలిస్ దీపం దగ్గరికి లాక్కున్నాడు, భూతద్దం కంటికి ఆనించాడు. ఒక్కో కవరూ తీస్తున్నాడు, నాణేన్ని అంచుల మీద పట్టుకుంటున్నాడు, తిప్పుతున్నాడు, పెడుతున్నాడు. పొయ్యి మీద సూపు గుసగుసలాడుతోంది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఎదురుగా ఇలా కూర్చున్నప్పుడల్లా ఆల్డెన్‌కి నిద్ర వచ్చినంత హాయిగా ఉండేది. హోలిస్ మాట్లాడకపోతే అక్కడ చెప్పేదేమీ లేదని అర్థం. అంతకంటే మరో అర్థం ఉండటానికి వీల్లేదు.

1797 సెంటు ఒకటి తీశాడు హోలిస్. తిప్పాడు. దీపం కిందకి వాల్చాడు. అంచు దగ్గర ఆగాడు. మిగతావాటికంటే ఎక్కువసేపా? అంతేసేపా? ఆల్డెన్ అతని మొహం చూశాడు. మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో, ఏమీ లేనట్టు ఉంచుకోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు అతనికి లోపలినుంచి తెలుసు. రెండూ ఒకేలా ఉంటాయి.

హోలిస్ దాన్ని కవర్లో పెట్టి, తరవాతిది తీశాడు.